వరద తీసిన పిమ్మట

గోదావరీనది త్ర్యంబకమున జన్మించి, సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. ప్రాణహిత, ఇంద్రావతి మొదలగు ఉపనదుల ప్రాంతములయందు ఏకకాలమున భారీ వర్షములు కురిసినచో, భద్రాచలమువద్ద నీటిమట్టము గంటగంటకు పెరుగును. అచ్చట 43 అడుగులకు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చేయుదురు. 1986 ఆగస్టు 16వ తేదీన నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైలో మరల 71.3 అడుగులైనది.

అట్టి సమయమున కూనవరమువద్ద శబరీనది గోదావరిలోనికి పోజాలక వెనుకకు తన్నును. ఒడ్డునగల గ్రామములు నీట మునుగును. ఆ నీరు ఇండ్లను మాత్రమే ముంచదు. బావులను, మరుగుదొడ్లను, పశువుల పాకలను, పెంటకుప్పలను ఒక్కటిగా కలిపివేయును. మట్టము తగ్గగానే గండము గడచినదని ప్రజలు తలంతురు. కాని ఆరోగ్యమునకు సంబంధించిన గండము అప్పుడే ఆరంభమగును.

వ్యాధులన్నియు ఒక్కదినమున రావు. కలుషిత జలము త్రాగినవారికి కలరా కొన్ని గంటలు మొదలు అయిదు దినములలోపుగా సోకవచ్చును. టైఫాయిడు సాధారణముగా ఒకటి రెండు వారములకు బయటపడును. కామెర్లు కనిపించుటకు నెల దినములైనను పట్టవచ్చును. నిలువనీటిలో పెట్టిన గుడ్లు వారము పది దినములలో దోమలగును. పిదప మలేరియా, డెంగీ జ్వరములు వ్యాపించును. ఎలుకల మూత్రము కలసిన బురదలో కాలి పుండ్లతో నడచినవారికి ఎలుక జ్వరము రావచ్చును. కావున వరద తీసిన పిమ్మట రెండు మాసములైనను జాగరూకత అవసరము.

వీనిలో పసిబిడ్డలను త్వరగా బలిగొనునది అతిసారము. శరీరములోని నీరును లవణములును వెడలిపోవుటయే మరణమునకు కారణము. 1971లో పశ్చిమ బెంగాలునందలి బనగాం శరణార్థి శిబిరమున కలరా ప్రబలి, సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన ద్రావణమును నోటిద్వారా త్రాగించిరి. నూటికి 30 వరకు ఉన్న మరణములు నాలుగింటికి లోపుగా తగ్గెను. నేడు ఆ ద్రావణపు పొట్లములు ఆరోగ్య కేంద్రములలో లభించును. అవి చేతికందనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమముగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెరయు, అర టీ చెంచా ఉప్పును కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. తల్లిపాలు మానరాదు, ఆహారము ఆపరాదు. బిడ్డ మగతగా ఉన్నను, త్రాగలేకున్నను తక్షణము వైద్యునికడకు కొనిపోవలెను.

ఇంటికి మరలినవారు త్రాగునీటిని బాగుగా తెర్లునట్లు కాచవలెను. బావిలోని బురదనీటిని తోడివేసి, ఆరోగ్య కార్యకర్తచే బ్లీచింగు పౌడరు వేయించి, గంట గడచువరకు ఆ నీటిని వాడరాదు. వరదనీరు తగిలిన ఆహారమును పారవేయవలెను. గోడసందులలో పాములుండవచ్చును, కర్రతో తట్టి చూడక చేయి పెట్టరాదు. కాటు వేసినచో గాయమును కోయక, కట్టు బిగింపక, ఆ అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్పవలెను.

పొంగిన నదిని ఆపుట ఒక కుటుంబమునకు సాధ్యము కాదు. కుండలోని నీటిని కాచుకొనుట మాత్రము ప్రతి కుటుంబమునకును సాధ్యమే.