బాలుర బొమ్మలు - పెద్దల దిద్దుబాట్లు

2025 ఆగస్టు చివర కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను ముంచిన వరదలో తెగిన దారులకును, మునిగిన పైరులకును లెక్కలు కట్టిరి. రైలుకట్ట క్రింది మన్ను కొట్టుకొనిపోయిన సంగతి పత్రికల కెక్కినది. ఆ నీటిని చూచిన యేడెనిమిదేండ్ల బిడ్డ మనస్సున నేమి నిలిచెనో వ్రాయుటకు మాత్రము ఏ పట్టికలోను గడి లేదు. భయపడితివా యని యడిగినచో తల యూపును. అంతకుమించి చెప్పుటకు వానికి మాట లింకను రాలేదు. కాగితమును రంగు పెన్సిళ్లను ముందుంచినచో, మాటకు రానిది గీతకు రావచ్చును.

వరద యొక్కటియే కాదు. గల్ఫు దేశములకు కూలికేగిన తండ్రులును, బీడీలు చుట్టు తల్లులును ఈ సీమలో ననేకులు. మీ యిల్లు గీయు మన్నప్పుడు తండ్రిని ఎక్కడ నిలుపవలెనో బిడ్డయే తేల్చుకొనవలెను.

మన బడులలో బొమ్మ యనగా నేమి? రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు. మంజీర యొడ్డున తాటిచెట్ల నడుమ పెరిగిన పిల్లవానికి ఆ కొబ్బరిచెట్టు ఎక్కడనుండి వచ్చెనో! నల్లబల్లమీది బొమ్మను పోలినచో మెప్పు, పోలనిచో దిద్దుబాటు. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ 1897లోనే బాలుర చిత్రకళా తరగతి తెరచి, పెద్దల బొమ్మలకు నకళ్లు తీయించు పద్ధతిని విడిచెను. అంత దూర మేల? ముంగిట ముగ్గు వేయు బాలికకు మార్కు లెవరు వేయుచున్నారు?

2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము చిత్రకళకు పాక్షికకాలిక బోధకుని నియమింపుమన్నది ఆరు మొదలు ఎనిమిది తరగతులకే. అదియు నూర్గురికి మించి పిల్లలున్నచోటనే. ఒకటి మొదలు అయిదింటికి ఆ మాట లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళను పాఠములతో మేళవింపు మన్నది. మంచిదే; కాని లెక్కలు నేర్పుటకు బొమ్మ వేయించుట వేరు, బిడ్డ తన గోడు చెప్పుకొనుటకు బొమ్మ వేయనిచ్చుట వేరు.

కావున ఉన్న యుపాధ్యాయుడే వారమునకొక గంట కేటాయింపవలెను. "ఇదేమి బొమ్మ?" అని గద్దింపక, "దీని కథ చెప్పు" మని యడిగి వినవలెను. నలుపు రంగు వాడినంతనే దుఃఖమని తీర్పు చెప్పరాదు. ఆ బిడ్డ చేతికి ఆ రంగే యందియుండవచ్చును. ఒకే భయము పదే పదే కాగితమున కెక్కుచున్నచో తల్లిదండ్రులతో రహస్యముగా మాటాడవలెను.

బడులకు బీరువాలిచ్చి వానిపై పేర్లు వ్రాయించుకొను మోతుబరులు మన గ్రామములలో గలరు. ఈ యేడు కాగితమును రంగులును ఇప్పింపుడు. పోటీలు పెట్టి బహుమతులు పంచు వేడుక మాత్రము వలదు.