గోదావరి సీమ క్రైస్తవారాధనలో కీర్తన

విలియం బౌడెన్, జార్జి బీరు అను ఆంగ్ల మతప్రచారకులు 1836లో ఆంధ్రదేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు పనిచేసిరి. రాజమహేంద్రవరమున జర్మను లూథరనులు 1845లో ప్రవేశించిరి. ఇంతవఱకు చరిత్ర. మనము విచారింపవలసినది, ఈ మతము తెలుగువాని హృదయమును ఏ త్రోవను చేరినదనునది.

ఆ త్రోవ కీర్తనయని మా యభిప్రాయము. ఆంగ్లపు వరుసలకు తెలుగు మాటలు పొదిగినచో హ్రస్వము దీర్ఘమై, దీర్ఘము హ్రస్వమై, నాలుక పాడినను మనసు నిలువదు. పురుషోత్తమ చౌధరి (1803-1890) ఈ చిక్కును తప్పించెను. ఆయన గోదావరి సీమవాడు కాడు, పర్లాకిమిడి ప్రాంతమువాడు; అయినను ఆయన కీర్తనలు శాఖాభేదము లేక ఇచ్చటి దేవాలయములలో నేటికిని వినవచ్చుచున్నవి. పల్లవి, చరణము, రాగము, తాళము, ఇవి యన్నియు భద్రాచల రామదాసు కీర్తనలవలన జనమెఱిగినవే. నాయకుడు చరణమెత్తుకొనగా సభ పల్లవి నందుకొనును; కనుక అక్షరము రాని కూలికిని ఆరాధనలో పాలు దక్కినది.

దీనిని వట్టి అనుకరణమని కొందఱందురు. అది సరికాదు. భక్తికీర్తనలో పాడువాడు దైవమును ఎదుట నిలుపుకొని 'నీవు' అని పిలుచును, తన దోషమును తానే చెప్పుకొనును. ప్రసంగము వినువానికి ఈ పని తప్పించుకొన వీలున్నది. పల్లవిని పదిమాఱులు పలికినవానికి అంత సులభముకాదు. ఆ పల్లవియే మఱునాడు వరిచేలలో నాటువేయువారి నోట మరల వినబడును.