కునుకును పసిగట్టే కెమెరా సరే.. నిద్ర మాటేమిటి?

జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కితే బొల్లారం దాటేలోపే మనలో చాలామంది నిద్రలోకి జారుకుంటాం. రాజీవ్ రహదారి పొడవునా మెలకువగా ఉండాల్సింది డ్రైవర్ ఒక్కరే. ఆయన నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారన్నది మనమెవరమూ అడగం. కానీ మన క్షేమం దానిమీదే ఆధారపడి ఉంటుంది.

తాగకపోయినా అదే మత్తు

వరసగా 17 గంటలు మెలకువగా ఉన్నవారి స్పందనలు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి మందగిస్తాయని పరిశోధనల్లో తేలింది. వాహనం నడిపేవారికి మన చట్టం పెట్టిన పరిమితి 0.03 శాతమే. తాగినవారిని బ్రెత్ ఎనలైజర్ పట్టిస్తుంది. నిద్ర చాలనివారిని పట్టించదు. రాత్రి 2 నుంచి తెల్లవారుజామున 5 వరకూ, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 వరకూ శరీరం తనంతట తానే నిద్రను కోరుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే బండి 66 మీటర్లు నడిపేవారు లేకుండానే వెళ్లిపోతుంది.

యంత్రాలు వస్తున్నాయి

రైలింజన్లలో ఈ జాగ్రత్త ఎప్పటినుంచో ఉంది. లోకో పైలట్ నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే ముందు లైటు, తర్వాత బజర్ హెచ్చరిస్తాయి. అప్పటికీ స్పందించకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. తెలంగాణలో ‘ఐరాస్తే’ ప్రాజెక్టు కింద ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్, ఇంటెల్, ఆర్టీసీ కలిసి బస్సుల్లో ప్రమాద హెచ్చరిక పరికరాలను పరీక్షించాయి. పెద్ద ప్రయాణికుల వాహనాల్లో, లారీల్లో డ్రైవర్ మగతను గుర్తించే వ్యవస్థ ఉండాలని కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ముసాయిదా ఇచ్చింది.

ఆర్టీసీకి తోడుగా విద్యాసంస్థ, పెద్ద కంపెనీ నిలిచాయి. నాలుగు బండ్లున్న ట్రావెల్స్ యజమానికి, రాత్రి షిఫ్టు నడిపే చిన్న ఫ్యాక్టరీకి ఆ అండ ఉండదు. అలాంటివారు ఈ పరికరాలను పరీక్షించి చూసుకునేందుకు ప్రభుత్వం కొంత ఖర్చు భరిస్తే మంచిదే. అయితే ఒక షరతు ఉండాలి.

థర్మామీటర్ జ్వరాన్ని చూపిస్తుంది, తగ్గించదు. కెమెరా కూడా అంతే. రెప్పలు వాలాకే అది అరుస్తుంది. ఆ అలారంతో వచ్చే మెలకువ కాసేపే. అందుకే డబ్బు తీసుకున్న యజమాని, అలారం ఎక్కువసార్లు మోగిన డ్యూటీ వేళలను మార్చాలి. డ్రైవర్‌కు జరిమానా వేయకూడదు. రెండు డ్యూటీల మధ్య కనీసం 9 గంటల విరామం ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లోనే చెప్పింది.

గురకను తేలిగ్గా తీసుకోవద్దు

ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. నిద్రలో గొంతు దగ్గర గాలిదారి మూసుకుపోయి, ఊపిరి ఆగి, నిద్ర పదేపదే చెదిరిపోతుంది. చికిత్స తీసుకోకపోతే ప్రమాదాల ముప్పు రెట్టింపు దాటుతుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో డ్రైవర్లు దీన్ని దాచిపెడతారు. బరువు తగ్గడం, సీపాప్ యంత్రం వాడటం వల్ల చాలామంది మళ్లీ నిశ్చింతగా బండి నడపగలుగుతారు. ఉద్యోగానికి ఢోకా లేదన్న హామీ ఇచ్చాకే సంస్థలు ఈ పరీక్షలు చేయించాలి.

మీ ఇంట్లో డ్రైవర్, నైట్ షిఫ్ట్ ఉద్యోగి ఉంటే..

* పెద్దగా గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉదయం తలనొప్పి, మందులు వాడినా తగ్గని బీపీ ఉంటే డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆగడం పడుకున్నవారికి తెలియదు. చూసిన మీరే చెప్పాలి.
* పగలు పడుకునేవారి గదిలో చీకటి ఉండేలా చూడండి. వారు లేచేదాకా ఫోన్లు, పనులు చెప్పకండి.
* నిద్ర ముంచుకొస్తే కిటికీ తెరవడం, పాటలు పెట్టడం పనిచేయవు. బండిని సురక్షితమైన చోట ఆపి 15-20 నిమిషాలు పడుకోవాలి. టీ, కాఫీ ప్రభావం మొదలవడానికి అరగంట వరకూ పడుతుంది.
* జలుబు, దురద మాత్రల్లో కొన్ని మత్తునిస్తాయి. డాక్టర్‌కు మీ పని వేళలు ముందే చెప్పండి.
* పెళ్లికో, తీర్థయాత్రకో బండి మాట్లాడుకుంటే రాత్రంతా నడిపిన డ్రైవర్‌తోనే పొద్దున్నే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. రెండో డ్రైవర్‌ను అడగండి, లేదా ఆయనకు పడుకునే చోటు, సమయం ఇవ్వండి. ఆ కొద్ది గంటలకు మనమే యజమానులం.