రామెన్ జుర్రుకునే తినాలి

పోయిన నెల నేనూ, మన క్లాస్ వాళ్లే ఇంకో ఇద్దరూ మొదటిసారి రామెన్ తిన్నాం. శాంతినగర్‌లో ఉన్న నారు నూడుల్ బార్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. చెఫ్ కవన్ కుట్టప్ప మొదలుపెట్టిన చిన్న హోటల్ అది. ఆన్‌లైన్‌లో ముందే సీటు బుక్ చేసుకోవాలి. బుకింగ్ మొదలైన కొద్ది నిమిషాల్లోనే నిండిపోతుందని దానికి పేరు. మాకు మూడో ప్రయత్నంలో దొరికింది. తిని వచ్చాక క్లాసులో అందరూ అడిగింది ఒక్కటే: "మ్యాగీకీ దానికీ తేడా ఏంటే?" అందుకే ఈ వ్యాసం.

మ్యాగీలో నూడుల్స్ ముఖ్యం. రామెన్‌లో చారు ముఖ్యం. మా ఇంట్లో అమ్మ కన్నడంలో 'సారు' అంటుంది, నాన్న తెలుగులో 'చారు' అంటారు. రామెన్‌ని అర్థం చేసుకోడానికి నాకు ఆ మాటే పనికొచ్చింది. ఎముకలు, ఎండబెట్టిన చేప, కొంబు అనే సముద్రపు నాచు లాంటివి నీళ్లలో మరిగించి ఈ చారు తీస్తారు. పంది ఎముకలతో చేసే తొంకొత్సు చారు పాలలా తెల్లగా, చిక్కగా రావాలంటే గంటల తరబడి మరగాలి.

ఉప్పూ రుచీ మాత్రం ఆ చారులో ముందే కలపరు. 'తారే' అనే చిక్కటి రసం గిన్నె అడుగున వేసి, దాని మీద వేడి చారు పోస్తారు. తారే ఉప్పుతో చేస్తే షియో రామెన్, సోయా సాస్‌తో చేస్తే షోయు రామెన్, పులియబెట్టిన సోయా ముద్దతో చేస్తే మిసో రామెన్. వాసన కోసం నూనె వేస్తారు, మనం చారుకి తాలింపు పెట్టినట్టు. ఆ తర్వాత నూడుల్స్, గుడ్డు, మాంసం, ఉల్లికాడలు. నూడుల్స్ పిండిలో ఒక రకం క్షారం కలుపుతారు. మన అప్పడాల పిండిలోనూ క్షారం వేస్తారు కదా. దానివల్లే రామెన్ నూడుల్స్‌కి ఆ పసుపు రంగు, సాగే గుణం వస్తాయి.

శాకాహారులకి ఒక మాట. పైన కూరగాయలే కనిపించినా కింద చారులో చేపో ఎముకలో ఉండొచ్చు. "చారు దేనితో చేశారు?" అని మొహమాటం లేకుండా అడగండి. మాలో ఒకమ్మాయి ముందే అడిగి, వెజ్ చారు ఉన్న గిన్నె తీసుకుంది.

రామెన్ జపాన్‌లో మరీ పాత వంట కాదు. 19వ శతాబ్దం చివర్లో యొకొహామా లాంటి రేవు పట్టణాలకి వచ్చిన చైనావాళ్లు తెచ్చిన గోధుమ నూడుల్సే దీనికి మూలం. 1910లో టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే హోటల్ పెట్టాక బాగా పేరొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బియ్యం కొరత ఉన్న రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండితో ఇది బండి మీద దొరికే చవక తిండి అయ్యింది. 1958లో మొమొఫుకు ఆండో దీన్ని ప్యాకెట్‌లోకి తెచ్చాడు. మన మ్యాగీ ఆ దారిలో వచ్చిందే.

ఇక తినే పద్ధతి. నేను చాప్‌స్టిక్స్‌తో కొంచెం కొంచెం, చప్పుడు రాకుండా తింటున్నాను. పక్క సీటాయన మాత్రం సుర్రుమని లాగేస్తున్నారు. జపాన్‌లో అది తప్పు కాదు. వేడి చారులో నూడుల్స్ త్వరగా మెత్తబడిపోతాయి, అందుకే ఆగకుండా తినాలి. జుర్రినప్పుడు గాలి కలిసి నోరు కాలదు, వాసన ముక్కుకి బాగా అందుతుంది. నేనూ జుర్రాను. రుచి నిజంగానే మారింది.

అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. పోయిన ఉగాదికి ఇంటిల్లిపాదీ ఒక హోటల్‌కి వెళ్లాం. అవ్వ చారు గిన్నె ఎత్తి జుర్రున తాగింది. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. నాకు సిగ్గేసి, "అవ్వా, అట్లా చప్పుడు చేయొద్దు" అన్నాను. అవ్వ గిన్నె కింద పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు నేను అంత డబ్బు పెట్టి, సీటు కోసం వారాలు చూసి, చేస్తున్నది అదే పని.

ఇంటికొచ్చి అవ్వకి రామెన్ గురించి చెప్పాను. "అంటే చారులో సేమియా ఏసినట్టా?" అంది.

"అట్లాంటిదే అవ్వా. జుర్రుకునే తినాలంట."

"మరి ఆ పొద్దు నన్నెందుకు వద్దంటివి పాపా?"

ఆరు నెలలైనా మర్చిపోలేదు. నేను తప్పే అన్నాను. అవ్వ "పోనీలే" అంది గానీ నా మొహం చూడలేదు.

వచ్చే ఆదివారం అవ్వని అదే హోటల్‌కి తీసుకెళ్తున్నాం. ఈసారి చారు గిన్నె ముందు నేనే ఎత్తుతాను.