సెలవుల్లో సప్పరం కడదాం

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. తిరుపతి ఎండలో పిల్లల్ని వీధిలోకి పంపలేం, ఇంట్లో కూర్చోబెట్టలేం. అందుకే చాలా ఇళ్లలో పొద్దున్నే ఫోన్ చేతికిచ్చేస్తున్నారు. అంగట్లో బొమ్మలు చేసుకునే కిట్లు దొరుకుతాయి, వందలు పోసి కొంటారు. పొద్దున విప్పింది మధ్యాహ్నానికి అయిపోతుంది, సాయంత్రానికి మంచం కిందికి చేరుతుంది. పిల్లది తప్పు కాదు. చేసిన వస్తువుతో దానికి పని లేదు.

ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు చెప్పి రిటైరైన మనిషిని నేను. చేసే వస్తువు కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిస్తే నాలుగేళ్ల పిల్ల కూడా కుదురుగా కూర్చుని చేస్తుంది. ఇది నేను బడిలోనూ చూశాను, ఇంట్లో మనవళ్ల దగ్గరా చూస్తున్నాను. మన తిరుపతిలో సరిగ్గా సెలవుల్లోనే అలా ఎదురుచూసే తల్లి ఒకరున్నారు. తాతయ్యగుంట గంగమ్మ.

బయటి ఊళ్లవాళ్ల కోసం జాతర గురించి కొంచెం చెప్తాను. మే నెల మొదటి సగంలో ఒక మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. ఆ తర్వాత జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని మా పెద్దల మాట. మరుసటి మంగళవారం పెద్ద జాతర, బుధవారం తెల్లారుజామున విశ్వరూప దర్శనం. గంగమ్మను శ్రీవారి చెల్లెలిగా కొలుస్తాం కాబట్టి కొండమీది నుంచి సారె వస్తుంది. అమ్మవారి పుట్టిల్లుగా చెప్పుకునే అవిలాల నుంచీ సారె వస్తుంది. ఈ వారమంతా ఊళ్లో రోజుకో వేషం. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు.

ఎందుకిన్ని వేషాలని పిల్లలు తప్పక అడుగుతారు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడు, గంగమ్మకు భయపడి దాక్కున్నాడు, వాణ్ని వెతకడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది, చివరికి దొర వేషం చూసి వాడు బయటికొస్తే సంహరించింది. మా చిన్న మనవరాలికి ‘ఆడపిల్లల్ని ఏడిపించేవాడు’ అని చెప్పాను. దాక్కోవడం, వెతకడం అంటే వాళ్లకు దాగుడుమూతలే కదా, ఒక్కసారి చెప్తే కథంతా పట్టేసింది.

చిన్నపిల్లలకు రంగులు నేర్పడానికి ఈ వేషాలంత మంచి పాఠం నాకు ఇంకొకటి కనపడలేదు. బైరాగికి ఒళ్లంతా నామకొమ్ము తెలుపు. బండకు కుంకుమ ఎరుపు. తోటికి బొగ్గు నలుపు. దొరకు గంధం. నాలుగూ ఇంట్లో ఉండేవో, వీధి చివర అంగట్లో దొరికేవో. నామకొమ్మును పిల్లల చేతే సానరాయి మీద నీళ్లు చల్లి అరగదీయించండి. మూడేళ్ల పిల్లలు కూడా చేయగలిగే పని అది. బొగ్గును మెత్తగా దంచి, గుడ్డలో జల్లించి, కొబ్బరినూనెలో కలిపితే చర్మానికి మంట పుట్టదు, తర్వాత తుడిస్తే పోతుంది. అంగట్లో అమ్మే కుంకుమ మాత్రం పసిపిల్లల ఒంటికి పట్టించవద్దు. కృత్రిమ రంగు కలిపినవి ఉంటాయి. నుదుట బొట్టు చాలు. ఏది రాసినా ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక పూట చూడండి. కళ్ల దగ్గరికి బొగ్గు గానీ, గంధం గానీ పోనివ్వకండి.

ఎర్రరంగు కావాలంటే పారాణి కలపండి. ఈ పని నేను వంటింటి గట్టు మీద, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టుకుని చేస్తాను. గిన్నెలో పసుపు, కాసిని నీళ్లు. అందులో సున్నం చెంచా కొనతో వేసి తిప్పితే పచ్చటి పసుపు గిన్నె మధ్యలోంచి ఎర్రబడుతూ అంచులదాకా వస్తుంది. సున్నం చేతులకు మంట పెడుతుంది, కాబట్టి వేసేదీ తిప్పేదీ పెద్దవాళ్లే. తర్వాత పని పిల్లలది. ఆ ఎరుపును కొంచెం వేరే గిన్నెలోకి తీసి, నిమ్మరసం పిండమని చెప్పండి. నాలుగు చుక్కలు పడేసరికి ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. మా పెద్ద మనవడు ‘అవ్వా, ఇంకోసారి!’ అంటూ దండకని తెచ్చిన నిమ్మకాయలన్నీ కోయించాడు. పసుపులో ఉండే రంగుపదార్థం సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రగా, పులుపు తగిలితే పచ్చగా మారుతుంది. పై తరగతుల్లో ప్రయోగశాలలో లిట్మస్ కాగితంతో చూపించేది ఇదే. ఆ పారాణితో వేషానికి చేసుకున్న కాగితం కిరీటానికి చుక్కలు పెట్టించండి.

వేషాలకు దండలు కట్టడం సులభం. వేపమండల్ని అరటినారతో వరసగా ముడివేస్తే సరి. ఆకులు దూయడం మూడేళ్లవాళ్లకు, ముడి వేయడం ఏడెనిమిదేళ్లవాళ్లకు. నిమ్మకాయల దండకు దబ్బనం కావాలి, అది మీరే గుచ్చండి. సోమవారం వేషంలోని సున్నపు కుండ కోసం అరచేతిలో పట్టే చిన్న ముంత చాలు. సున్నం బదులు నామకొమ్ము నీళ్లలో కలిపి పూసి, ఆరాక బొగ్గుతో వేలి చుక్కలు పెట్టమంటే పసిపిల్లలు గంటసేపు తల ఎత్తరు.

ఇక సప్పరం. జాతరలో మొక్కున్నవాళ్లు గోపురం ఆకారంలో వెదురుతో కట్టి, రంగు కాగితాలు అంటించి, నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడికి వెళ్తారు. పెద్దవాళ్లు మోసే సప్పరం మనిషెత్తు కూడా ఉంటుంది. మనం పిల్లల కోసం మూరెడు ఎత్తుది కడదాం. ఇంట్లో అందరికీ వారం రోజులు పని దొరుకుతుంది.

మేదరి వాళ్ల దగ్గర సన్నటి వెదురు దబ్బలు అడిగి తెచ్చుకోండి. ముందు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, లేదంటే పేళ్లు గుచ్చుకుంటాయి. అడుగున మామిడికాయల పెట్టె అట్ట చతురస్రంగా కోసుకోండి. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మే వచ్చిందంటే ఆ అట్టలకు కరువుండదు. నాలుగు మూలల నాలుగు దబ్బలు నిలబెట్టి, పైకి పోయే కొద్దీ లోపలికి వంచి, కొనలన్నీ పురికొసతో కలిపి కట్టాలి. మధ్యలో మూడు చోట్ల అడ్డదబ్బలు కడితే మూడు అంతస్తులు వస్తాయి. ఇంతవరకూ తాతో, నాయనో చేయాలి. నేనైతే ఈ పని కావాలనే మా అబ్బాయికి అప్పజెప్తాను. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చూస్తూ కూర్చునే మనిషి కూడా వెదురు చేతికొచ్చాక కిందికి దిగి పిల్లల పక్కన కూర్చుంటాడు.

బంక కొననక్కర్లేదు. చెంచాడు మైదా గ్లాసుడు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉడికిస్తే జిగురొస్తుంది. చల్లారాక పిల్లలకివ్వండి, నోట్లో పెట్టుకున్నా భయం లేదు. గాలిపటాల కాగితం పలచగా ఉంటుంది, చిన్నవాళ్ల చేతికి లొంగుతుంది. ఐదేళ్లవాళ్లు కాగితాన్ని నాలుగు మడతలు వేసి అంచులు కత్తిరిస్తే కుచ్చులు. అంతకంటే చిన్నవాళ్లకు కత్తెర వద్దు, చింపనివ్వండి. చింపిన ముక్కలు ఒకదాని మీదొకటి అంటిస్తే గోపురం మీద బొమ్మల వరసల్లాగే కనిపిస్తాయి. వంకరగా అంటించారని మళ్లీ పీకి సరిచేయకండి, మీకు దణ్ణం పెడతాను. ఆ ముక్క ఎక్కడ అంటించిందో ఆ పిల్లకు గుర్తుంటుంది, గుడికి వెళ్లేదాకా దాన్నే వెతుక్కుంటుంది. శిఖరాన కలశం బదులు నిమ్మకాయ గుచ్చితే పని అయినట్టే.

మోయడానికి పాత పంచె మెలిపెట్టి చుట్టకుదురు చేయించండి. తల మీద సప్పరం నిలబెట్టుకుని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడవడం సెలవుల్లో ఇంకో ఆట.

జాతర రోజు పిల్లల్ని తెల్లారకముందే తీసుకెళ్లండి. తొమ్మిది దాటితే రోడ్డు కాళ్లు కాలుస్తుంది, జనం తోపులాట పెరుగుతుంది. వేషం కిందుగా చేతికి ఒక గుడ్డ కట్టి, దాని మీద మీ ఫోన్ నంబరు రాయండి. అంబలి పోసే చోట ఆగి తాగించండి, రాగి అంబలి ఆ ఎండకు చల్లటి మందు. ఒంటి రంగులు ఇంటికొచ్చేదాకా ఉంచక్కర్లేదు, చెమటకు చికాకు పెడితే అక్కడే తడిగుడ్డతో తుడిచేయండి. అమ్మ చూసేసిందని చెప్తే పిల్లలు ఒప్పుకుంటారు.

2024 డిసెంబరు 5న ‘పుష్ప 2’ విడుదలయ్యాక మగపిల్లలు కూడా చీర కట్టమని అడుగుతున్నారు. నాకు సంతోషమే. సినిమాలో హీరో చీర కట్టే జాతర ఘట్టానికి మూలం మన గంగమ్మ జాతరే, మగవాళ్లు చీరకట్టి మొక్కు తీర్చుకోవడం ఇక్కడ తరతరాల నుంచి ఉంది. కట్టండి. కట్టేటప్పుడు గంగమ్మ కథ చెప్పండి. హీరో పేరు వాళ్లకు ఎలాగూ తెలుసు, అమ్మవారి పేరు మనం చెప్తేనే తెలుస్తుంది.

బుధవారం తెల్లారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చూపిస్తారు. దర్శనం అయ్యాక పేరంటాలు వేషం కట్టినవారు వచ్చి ఆ విశ్వరూపం చెంప నరుకుతారు, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. దాన్ని ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటాం. అంత బాగా చేసిందాన్ని ఎందుకు పగలగొట్టారని నా మనవరాలు అడిగింది. ఊరందరికీ పంచాలంటే అలాగే కదా అన్నాను. మా పిల్లల సప్పరం కాగితాలు వానలకు ముందే ఊడిపోతాయి. వెదురు మాత్రం దాచిపెడతాను, దానికి ఇంకో పని ఉంది, గుడ్డ మీద బొమ్మలు గీసే కలంకారీ.

సెలవులిచ్చిన రోజే మా ఇంట్లో ఒక పాత మట్టికుండలో తుప్పుపట్టిన మేకులు, బెల్లం, తాటిబెల్లం వేసి నీళ్లు పోసి, గుడ్డ కట్టి పెరట్లో పెడతాం. తుప్పు ఇనుము పిల్లలు ముట్టుకోకూడదు, అది నేనే వేస్తాను. రోజూ ఒకసారి కర్రతో కలపడం వాళ్ల వంతు. సుమారు మూడు వారాలకు పులిసి కసిమి తయారవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఇదే. జాతర హడావిడి తీరేసరికి కుండ సిద్ధం.

రంగు వేయని నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో పిల్లలు బొమ్మ గీసుకుంటారు. సప్పరం వెదురు ముక్కను కొన చెక్కి, పైన కొంచెం ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం. కసిమిలో ముంచి, ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీయాలి. గీసినప్పుడు గోధుమరంగు నీళ్లలా కనిపించిన గీత, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే అంత నలుపు. పాతకాలపు సిరా కూడా ఇలాగే చేసేవారు. గుడ్డ బాగా ఆరాక పారే నీళ్లలో ఉతికితే నలుపు నిలుస్తుంది, బొగ్గు గీతలు పోతాయి.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి బస్సులో గంట. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టబట్టే అంతరించబోయిన ఈ విద్య నిలిచింది. ఆ ఊరి కళాకారులు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పటికీ ఇళ్లలో కూర్చుని గీసేవాళ్లున్నారు. వెళ్లేటప్పుడు మీ పిల్లలు గీసిన గుడ్డ సంచిలో పెట్టుకోండి. అక్కడ వాళ్ల ముందు పరిచి చూపించమనండి. ఎక్కడ కలం ఎక్కువ నొక్కారో, ఎక్కడ పాలు సరిగా పట్టక రంగు పాకిందో వాళ్లు వేలు పెట్టి చెప్తారు. పిల్లలు ఇంటికి రాగానే ఇంకో గుడ్డ తడపమంటారు, కరక్కాయ పొడి ముందే కొని ఉంచుకోండి.