ఉద్యోగమునకు మాత్రమే చెల్లు మోటారు లైసెన్సు

సంపాదించువారి మోటారు లైసెన్సు పోయినచో సంసార మెట్లు నడచును? అమెరికాలో కాపురమున్న తెలుగు సోదరీమణుల కిది తెలిసికొనదగిన సంగతి. ఫ్లోరిడా రాష్ట్రపు నియమమును మాత్రము ఇచట వ్రాయుచున్నాము.

త్రాగి కారు నడిపి లైసెన్సు పోగొట్టుకొన్నవారికి, జీవనోపాధికై, అచటి ప్రభుత్వము పరిమితమైన లైసెన్సు నొసగవచ్చును. అది రెండు విధములు. ఒకటి కేవల ముద్యోగమునకే: పనికి పోవుట, వచ్చుట, పనిలో అవసరమై నడుపుట. బిడ్డకు జ్వరము వచ్చినను, ఆ లైసెన్సుపై వైద్యునియొద్దకు కారు నడుపరాదు. రెండవదానిపై బడికి, చర్చికి, వైద్యమునకును పోవచ్చును. మీ యింట నున్నది యేదియో ముందుగా చదివి చూచుకొనుడు.

ఇక ఇన్సూరెన్సు. ఈ నేరమున శిక్షపడినవారికి 2007 అక్టోబరు నుండి సాధారణ పాలసీ చాలదు. ప్రమాదమున ఒకరు గాయపడినచో 1,00,000 డాలర్లు, పలువురైనచో మొత్తము 3,00,000, ఆస్తినష్టమునకు 50,000 వరకు చెల్లించు పాలసీ మూడేండ్లు ఉండవలయును. ఎఫ్.ఆర్. 44 అను సాక్ష్యపత్రమును కంపెనీయే ప్రభుత్వమునకు పంపును. ప్రీమియము హెచ్చుగనే యుండును. సిగ్గుపడి నేరముమాట కంపెనీకి దాచువారు కలరు. అట్లు దాచి తీసికొన్న పాలసీ ప్రమాదమునాడు అక్కరకు రాకపోవచ్చును.

గడువు తప్పి పాలసీ రద్దయినచో, కంపెనీ ఆ సంగతియు ప్రభుత్వమునకు తెలుపును. లైసెన్సు మరల పోవును. దానివెంట జీతమును పోవచ్చును. ఈ సొమ్మును ఇంటి అద్దెతోపాటే తీసియుంచి, పాలపద్దు ప్రక్కనే గడువుతేదీని వ్రాసికొనుడని మా మనవి.