మాంత్రికుడైన అపరాధపరిశోధకుడు

మంత్రగాండ్రు అరణ్యములలోను కోటలలోను వసింతురని మేము బాల్యమున వింటిమి. అమెరికా దేశీయుడగు జిమ్ బుచర్ 2000వ సంవత్సరమున ‘స్టార్మ్ ఫ్రంట్’ అను నవలతో నారంభించిన మాలికయందు మాత్రము హ్యారీ డ్రెస్డెన్ అను మాంత్రికుడు చికాగో నగరమున కార్యాలయము పెట్టుకొని, వేతనము గైకొని నేరములను పరిశోధించును. ఆతడు సమీపించిన విద్యుద్యంత్రములు చెడిపోవును. కావున నింట క్రొవ్వొత్తులే గతి, వేడినీళ్ల స్నానమైన లేదు!

ఇన్ని సంపుటములను మేమేల విసుగక చదివితిమి? ఒక్కొక్క గ్రంథమున నొక్కొక్క చిక్కు విడిపోవును గాని, తగిలిన దెబ్బలు వెంటవచ్చును. 2004 నాటి ‘బ్లడ్ రైట్స్’లో కాలిన యెడమచేయి తరువాతి గ్రంథమునను ఆతనిని బాధించును.

ఇట్టి కథలు తగునా యని తల్లిదండ్రులు శంకింపవచ్చును. ఇవి పెద్దలకై వ్రాయబడినవి, రక్తపాతమును గలదు, కావున చిన్నతరగతులవారికి వలదందుము. అయినను, మంత్రముచే మనుష్యుని చంపరాదనుట అందలి మాంత్రికుల ప్రథమశాసనము. యౌవనారంభమున నాత్మరక్షణార్థమై గురువునే మంత్రముచే చంపిన హ్యారీ, మరణదండనము తప్పినను, ఆ మచ్చను మోయుచునే యితరులను రక్షించును. శక్తి కలిగినంతమాత్రమున దానిని వాడరాదనియు, వాడినవాడు ఫలమనుభవింపవలయుననియు నీ కథలవలన మేము గ్రహించితిమి. పైతరగతులవారు పరీక్షలు ముగిసిన పిమ్మట ప్రథమసంపుటముతో నారంభింతురు గాక.